అందానికి లొంగని మా చుక్క

ఇది నేను నలుగురు ఆడవాళ్ళ ముందు పరువు పోగొట్టుకున్న కథ. ఆ నలుగురిలో ఒకరు మా అమ్మ, ఒకరు మా ఆవిడ, ఒకరు మా పక్కింటి ఎస్తేరమ్మ పిన్ని. నాలుగో ఆవిడకి రెండు కొమ్ములు, నాలుగు కాళ్ళు. ఆ కాళ్ళలో వెనక కుడికాలు మరీ ప్రమాదం. పోయిన పరువు తిరిగి రాలేదు, వస్తుందని నేను ఎదురు చూడటం కూడా మానేశాను. చదివినవాళ్ళన్నా బాగుపడతారేమోనని రాస్తున్నాను.

మూడేళ్ళ కిందటి మాట. నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఇల్లు జగ్గయ్యపేట చివర, వత్సవాయి వెళ్ళే రోడ్డు పక్కన. పొద్దున్నే బస్సెక్కి నందిగామ వెళ్ళడం, సాయంత్రం బస్సెక్కి ఇంటికి రావడం. ఆ రెండు బస్సుల్లోనూ, ఇంట్లోనూ, నిజం చెప్పొద్దూ, స్టాఫ్ రూములోనూ నేను చేసే పని ఒకటే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రాక్షస సినిమాలు చూడటం. కొండంత కోతులు, మేడలు తొక్కే బల్లులు, సముద్రంలోంచి లేచే పొలుసుల భూతాలు. ఏ దేశానిదైనా, ఏ భాషైనా నాకు అభ్యంతరం లేదు.

చూసి ఊరుకుంటే ఈ కథే ఉండేది కాదు. నాలోని మహానుభావుడు చూసి ఊరుకోలేదు, ఆలోచించాడు. ఈ సినిమాలన్నిట్లోనూ ఒక సీను తప్పకుండా ఉంటుందని కనిపెట్టాడు. ఊళ్ళకి ఊళ్ళు తొక్కుకుంటూ వచ్చిన మృగం ఒక అమ్మాయి ముందు ఆగుతుంది. వంగి చూస్తుంది. అమ్మాయి తలెత్తి దాని కళ్ళలోకి చూస్తుంది. అంతే, అంత మృగమూ మెత్తబడిపోతుంది. దీని అర్థం ఏమిటని నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, నాకున్న యూట్యూబ్ చానల్లో పద్దెనిమిది నిమిషాల వీడియో పెట్టాను. దాని సారాంశం మీకు రెండు ముక్కల్లో చెబుతాను, మీ పద్దెనిమిది నిమిషాలు మిగులుతాయి. మృగం అంటే ఒంటరితనం. అందం అంటే మొహం కాదు, భయం లేని చూపు. అలాంటి చూపు ఒక్కటి దొరికితే ఎంతటి మృగమైనా లొంగుతుంది. ఆ చానల్‌కి చందాదారులు అరవై మూడు మంది. వాళ్ళలో యాభై మంది నా క్లాసు పిల్లలు, మార్కులు తగ్గిస్తానేమోనన్న భయంతో చేరినవాళ్ళు. వాళ్ళకి నేను భయం లేని చూపు గురించి ఉపన్యాసం ఇచ్చాను.

అప్పటికి మా పెళ్ళయి నాలుగు నెలలు. ప్రశాంతిది నందిగామ. ప్యాకెట్ పాలు తాగి పెరిగిన మనిషి, పుట్టింట్లో ఉండగా గేదెని బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప దగ్గరికి వెళ్ళి ఎరగదు. మొగుడు చేసిన వీడియో కదా అని పాపం రెండుసార్లు చూసింది. రెండోసారి అయ్యాక ఒక ప్రశ్న వేసింది.

"ఏమండీ, ఆ అమ్మాయిని ఎవరన్నా అడిగారా, నీకు దాని ముందుకి వెళ్ళడం ఇష్టమేనా అని?"

"అదేం ప్రశ్న?"

"మగాళ్ళంతా తుపాకులు పట్టుకుని వెనకాల నుంచుంటారు. ఆ పిల్లనేమో ముందుకి తోస్తారు. ఆ ప్రేమగా చూసేదేదో వాళ్ళే వెళ్ళి చూడొచ్చుగా?"

నువ్వు లోతుగా చూడటం లేదన్నాను. ఆ మాట అన్నందుకే నాకు తర్వాత జరిగిందంతా జరిగిందని ఇప్పటికీ నా గట్టి నమ్మకం.

ఇక చుక్క సంగతి. నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న మా గేదె పేరు అది. నాన్న పోయాక అమ్మ కూలి పనులకి వెళ్ళి నన్ను చదివించింది. నాకు ఉద్యోగం వచ్చింది కదా, ఇక కూర్చోవే అంటే కూర్చోలేక ఈ గేదెని కొంది. ఈనిన నెలకే దాని దూడ పోయింది. అప్పటి నుంచి అది అమ్మ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పొదుగు మీద పడనివ్వదు. అమ్మ కూర్చుంటే చేపుతుంది, అంటే పాలు పొదుగులోకి దింపుతుంది. వేరేవాళ్ళు కూర్చుంటే ఆ పాలని ఎక్కడ దాచుకుంటుందో దాచుకుని, కాలు మాత్రం ఇస్తుంది.

ఒక శనివారం పొద్దున అమ్మ పాలు పితికి, చెంబు గట్టు మీద పెట్టి, కుళాయి దగ్గర పాకుడు మీద జారి పడింది. చెంబులో పాలు బొట్టు కూడా ఒలకలేదు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. నందిగామ ఆస్పత్రికి తీసుకెళితే ఎక్స్‌రే తీసి, లోపల ప్లేటు వెయ్యాలి, ఆపరేషన్ రేపు సాయంత్రం అన్నారు. తోడుగా చిన్నమ్మ వచ్చింది. మంచం మీద పడుకున్న అమ్మ తన చెయ్యి గురించి ఒక్క మాట అడగలేదు.

"సాయంత్రం చుక్కని ఎవరు పితుకుతారురా?"

"ఎవరో ఒకర్ని పిలుస్తాలే అమ్మా."

"ఎవర్నీ రానియ్యదు అది. నా పాత చీర పాకలో కొయ్యకి తగిలించి ఉంది. అది కట్టుకుని నువ్వే కూచో. ముందు కుడితి పెట్టు."

"నేనా? చీర కట్టుకునా?"

"ఏం, నీకేమన్నా అరిగిపోద్దా? అప్పట్లో మన పాత గేదెకి మీ నాన్న కట్టుకోలా?"

మా వైపు ఇది వింతేమీ కాదు. ఒక చేతికి అలవాటు పడ్డ గేదె ఉన్న ఇంట్లో ఆడమనిషి ఊరెళితే, మొగుడో కొడుకో ఆవిడ చీర చుట్టుకుని పాల చెంబు పట్టుకోవడం మామూలే. ఎవరూ నవ్వరు. కానీ నేను ఇంగ్లీషు మాస్టర్ని. అరవై మూడు మంది చందాదారులున్నవాణ్ణి.

"పోనీ సూది వేయిద్దామా?" అన్నాను. ఆ సూది వేస్తే గేదె ఇష్టం లేకపోయినా చేపుతుంది. అమ్మకి ఆ మాటంటేనే పడదు.

"సూది మాట మళ్ళీ ఎత్తావంటే ఈ కట్టుతోనే కొడతా. దూడ పోయిన గొడ్డురా అది. దాన్ని సూదులతో పిండుకు తాగుతావా?"

సూది వేయించనని మాటిచ్చి ఇంటికొచ్చాను. దారిలో పశువుల డాక్టరు గారికి ఫోన్ చేస్తే, ఒక పూట తప్పినా పర్లేదు, రెండు పూటలు తప్పితే కష్టం, మూడో పూటకి పొదుగు వాచిపోతుంది, తర్వాత ఆ గేదె పాలకి పనికిరాదు అన్నారు. అమ్మకి ఆ గేదె తప్ప ఇంకో వ్యాపకం లేదు. నాకు చెమటలు పట్టాయి.

చెమటలు పట్టినప్పుడు తెలివైనవాడు అమ్మ చెప్పినట్టు చేస్తాడు. నేను పాకలోకి వెళ్ళి, కొయ్యకున్న చీరని రెండు వేళ్ళతో పట్టుకుని వాసన చూశాను. పేడ, తౌడు, పుల్లటి కుడితి, ఎన్నాళ్ళదో చెమట. కళ్ళు తిరిగాయి. వెంటనే దాన్ని బకెట్లో నానబెట్టి, సర్ఫు వేసి, ఆపైన పూలవాసన వచ్చే ద్రవం డబ్బా మీద రెండు మూతలని ఉంటే నాలుగు మూతలు పోసి, ఉతికి దండెం మీద ఆరేశాను. నా జీవితంలో నేను స్వయంగా ఉతికిన మొదటి చీర అది. ఉతకకూడని చీర ప్రపంచంలో ఒక్కటే ఉందనుకుంటే అదీ అదే.

చీర ఆరేలోగా పూట దాటిపోతుంది. అప్పుడు బుర్రలో ఆ వీడియో వెలిగింది.

"ప్రశాంతీ, నువ్వు వెళితే?"

"ఎక్కడికి?"

"చుక్క దగ్గరికి. చూడు, అది దూడ పోయిన గేదె. ఒంటరిది. దానికి కావాల్సింది భయం లేని ఒక చూపు. నువ్వు నెమ్మదిగా దగ్గరికి వెళ్ళి, కళ్ళలోకి చూసి, ప్రేమగా మాట్లాడి కూర్చున్నావనుకో..."

"మరి మీరు?"

"నేను వెనకాల ఉంటాగా."

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. అది భయం లేని చూపే. కానీ నేను లొంగలేదు. పైగా పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంటే బాగుంటుందని కూడా చెప్పాను. మీగడ రంగు చీర, బంగారు రంగు అంచు. జడలో మల్లెలు కూడా పెట్టమన్నాను. ఇప్పుడు రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

"అత్తమ్మ మంచం మీద గేదె గేదె అంటన్నారు కాబట్టి వెళ్తన్నా" అంది ప్రశాంతి. "మీ సిద్ధాంతం కోసం మాత్రం కాదు."

తను చెంబు పట్టుకుని పాకలోకి నడిచింది. నేను గుంజ వెనకాల నిలబడి ఫోన్ పట్టుకున్నాను. సినిమాల్లో మగాళ్ళు తుపాకులు పట్టుకున్నచోట నేను ఫోన్ పట్టుకున్నాను, తేడా అంతే. ఆ మాట అప్పుడే తట్టి ఉంటే బాగుండేది.

"కళ్ళలోకి చూడు" అన్నాను గుసగుసగా.

"చూస్తన్నా. అదీ చూస్తంది."

"మాట్లాడు."

"చుక్కా... బాగున్నావా?"

చుక్క బాగానే ఉంది. మల్లెపూలని వాసన చూసింది. నాకు గుండె ఉప్పొంగింది. లొంగుతోంది, లొంగుతోంది అని ఫోన్లోకి వ్యాఖ్యానం కూడా చెప్పాను. చుక్క జడని నోటితో పట్టుకుని మల్లెపూలన్నీ దారంతో సహా లాగి నమిలి మింగింది. ప్రశాంతి కెవ్వుమంది. చుక్క బెదిరి పేడ పట్టిన తోకని ఒక్కసారి ఝాడించింది. మీగడ రంగు పట్టు మీద భుజం నుంచి కుచ్చిళ్ళ దాకా ఒక పచ్చటి గీత పడింది. నేను పరుగెత్తుకెళ్ళబోయాను. ఫోన్ జారి కుడితి తొట్లో పడింది. చుక్క వెనక కుడికాలు చెంబుకి తగిలింది, చెంబు నా మోకాలికి తగిలింది.

ప్రశాంతి పట్టుచీరని చూసుకుంది, నన్ను చూసింది, లోపలికి వెళ్ళిపోయింది. తిడితే బాగుండేదనిపించింది. ఆ రాత్రి ఇంట్లో మాటల్లేవు, నాకు కూరలో ఉప్పు కూడా లేదు.

ఆదివారం పొద్దున్నే అమ్మ చీర ఆరింది. ఇక సిగ్గు విడిచి లుంగీ మీద చుట్టుకున్నాను. పైట వేసుకున్నాను. ఒళ్ళంతా గుప్పున పూలవాసన. కుడితి పెట్టి, చెంబు పట్టుకుని కూర్చోబోతే చుక్క నన్ను వాసన చూసి రెండుసార్లు తుమ్మింది. తర్వాత కొమ్ముతో నా పక్కటెముకల మీద ఒక చిన్న తోపు తోసింది. చిన్నది అని దాని ఉద్దేశం, నేను గడ్డివామి దాకా వెళ్ళాను.

పక్కింటి గోడ మీంచి ఒక గొంతు వినిపించింది. ఎస్తేరమ్మ పిన్ని. సరిహద్దు అవతలి నుంచి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్ళయినా ఆవిడ మాట ఇంకా అటువైపుదే.

"ఏందబ్బాయ్, బర్రెకి పెండ్లిచూపులా? గింత సెంటు కొట్టుకున్నవ్?"

"అమ్మ చీరే పిన్నీ. ఉతికా."

"ఉతికినవా?" ఆవిడ గోడ మీద తల పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఉతికినంక అది మీ అమ్మ చీర ఎట్లయితది? బట్టల కొట్లో చీర అయితది."

రెండు పూటలు తప్పాయి. డాక్టరు గారు వచ్చి పొదుగు నొక్కి చూశారు. చుక్క నొప్పికి మూలిగింది. ఎప్పుడూ అందర్నీ బెదిరించే గొడ్డు అలా మూలగడం నేనెప్పుడూ వినలేదు. బిగిసిపోయిందయ్యా, సాయంత్రానికి చేపకపోతే నేను సూది వేస్తా, నువ్వు వద్దన్నా వేస్తా అని చెప్పి వెళ్ళిపోయారు.

బండి తీసుకుని నందిగామ వెళ్ళాను. చీర ఉతికానని చెప్పగానే అమ్మ, పక్క మంచాలవాళ్ళు కూడా తిరిగి చూసేలా నిట్టూర్చింది.

"నా మొహం చూసి ఇస్తదనుకున్నావా పాలు? దానికి మొహాలెందుకురా. వాసన. ఇంతకాలం పూటపూటా దాని దగ్గర కూచున్న వాసన." తర్వాత చిన్నమ్మ వైపు తిరిగింది. "నిన్న పడ్డప్పుడు కట్టుకున్న చీర ఉందిగా, అదియ్యి వీడికి."

చిన్నమ్మ మంచం కింద నుంచి ఒక కవరు తీసి ఇచ్చింది. మూతి కట్టి ఉన్నా వాసన బయటికి వస్తూనే ఉంది. ఈసారి నేను ముక్కు మూసుకోలేదు.

"ఇంకేమన్నా చెయ్యాలా అమ్మా? మాటలేమన్నా చెప్తావా దానికి?"

అమ్మ ఫ్యాను వైపు చూసింది. "ఏం చెప్తాను. దేవుడి మాటలే. ప్రార్థన చేసుకుంటా పితుకుతా. నువ్వూ ఏదో ఒకటి చేసుకో."

"ఏ ప్రార్థన?"

"ఏదో ఒకటి అన్నాగా. పో ఇక."

"ఆపరేషన్ టైముకి నేను ఉండొద్దా?"

"నా చెయ్యి చూడ్డానికి డాక్టర్లున్నారు. దాని పొదుగు ఎవరు చూస్తారు? ఫో."

సాయంత్రం ఎండ ఇంకా దిగకముందే అసలు చీర కట్టుకుని పాకలో అడుగుపెట్టాను. గుమ్మం దగ్గర ప్రశాంతి, గోడ మీద ఎస్తేరమ్మ పిన్ని. చుక్క తల తిప్పింది. వాసన చూసింది. పైట కొంగుని నాలుకతో ఒకటికి నాలుగుసార్లు నాకింది. నేను కూర్చున్నా కాలు ఎత్తలేదు. పొదుగు కడిగి, చెయ్యి వేశాను. ఊరుకుంది. లాగాను. ఒక్క బొట్టు రాలేదు.

ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పాను. రాలేదు. చిన్నప్పుడు సండే స్కూల్లో బట్టీ పట్టిన కీర్తన మొత్తం అప్పజెప్పాను. చుక్క ఓపిగ్గా నిలబడింది, మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. క్లాసులో నేను ఏదో మర్చిపోయి తడుముకుంటుంటే మొదటి బెంచీ పిల్ల చూసే చూపు అది.

"అది కాదబ్బాయ్" అంది ఎస్తేరమ్మ పిన్ని. "మీ అమ్మ ప్రార్థన వేరే."

"ఎట్టా చేస్తది?"

"నాకెందుకులే. నువ్వు బాధపడ్తవ్."

"చెప్పండి పిన్నీ. పొదుగు చూడండి ఎట్టా ఉందో" అంది ప్రశాంతి.

పిన్ని గొంతు సవరించుకుంది. పొద్దున, సాయంత్రం గోడవతల విని విని ఆవిడకి కంఠతా వచ్చేసింది. అచ్చం మా అమ్మ గొంతుతో, మా అమ్మ యాసతో అందుకుంది. "ప్రభువా, నాకు ఒక్కడే కొడుకునిచ్చావ్. వాణ్ణి మార్చయ్యా. ఇంటికొచ్చీ రాగానే చెవుల్లో ఆ వైర్లు పెట్టుకుంటాడు. మూడుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతాడు..."

చుక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. గోడ వైపు తిరిగి చూసింది.

"నన్ను చూస్తంది" అంది పిన్ని. "నువ్వు కూసున్నవ్ కదా, నీ నోటితోటి అను. ఒక్కొక్కటే నేను అందిస్త."

పొదుగు బిగిసి రాయిలా ఉంది. వేరే దారి లేదు. అమ్మ చీర కట్టుకుని, అమ్మ మాటలతో, నా గురించి నేనే దేవుడికి ఫిర్యాదు మొదలుపెట్టాను. "ప్రభువా, నా కొడుకుని మార్చయ్యా. చెవుల్లో వైర్లు పెట్టుకుంటాడు. మూడుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతాడు."

సుర్రుమని మొదటి ధార చెంబులో పడింది. చుక్క చేపింది.

"వచ్చాయి" అంది ప్రశాంతి. "ఆపొద్దు, ఇంకా చెప్పండి."

"బ్యాంకు పరీక్షకి ఫీజు కట్టి పరీక్షకి పోకుండా బెజవాడలో సినిమాకి పోయాడు ప్రభువా." ఇది అమ్మకి తెలుసని నాకు తెలీదు. "వాళ్ళ నాన్న వాచీ వేదాద్రిలో ఏట్లో ఈతకి దిగి పోగొట్టి, బస్సులో ఎవరో కొట్టేశారని నాతో చెప్పాడు." ఇదీ తెలుసన్నమాట. నిజం ఒప్పుకున్న ప్రతిసారీ ధార లావవుతోంది. చెంబులో నురగ లేస్తోంది. నా మొహం మండిపోతోంది.

"పెండ్లిచూపులది చెప్పు" అంది పిన్ని.

"అది వద్దు పిన్నీ."

ధార ఆగింది. చుక్క కాలు కదిపింది.

"చెప్పండి" అంది ప్రశాంతి.

"పిల్లని చూడ్డానికి నాలుగు గంటలు లేటుగా పోయాడు ప్రభువా. బస్సు చెడిపోయిందని చెప్పాడు. బస్సు బాగానే ఉంది. సినిమా ఆఖరి సీను చూస్తా నందిగామ దాటి ముందుకి పోయి, తిరుగు బస్సు ఎక్కి కూడా మళ్ళీ దాటిపోయాడు."

ధార జోరుగా వచ్చింది. "మా నాన్న ఆ బస్సు డిపోకి ఫోన్ చేసి తిట్టారండీ" అంది ప్రశాంతి నెమ్మదిగా. నేను తల ఎత్తలేదు.

"ఇంకొకటే ఉంది" అంది పిన్ని. ఈసారి ఆవిడ గొంతు తగ్గించింది. "వాడు మంచోడే ప్రభువా. కానీ నాతో మాట్లాడ్డు."

ఆ ఒక్కటి చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. అమ్మ పొద్దునా సాయంత్రం ఒక గొడ్డు పక్కన కూర్చుని చెప్పుకున్నదంతా, అదే ఇంట్లో పది అడుగుల దూరంలో ఉన్న నాకు వినపడలేదు. నేను ఆ టైములో ఒంటరి మృగం గురించి సినిమాలు చూస్తున్నాను. చివరికి ఎలాగో ఆ మాట అన్నాను. చుక్క బాగా చేపింది.

కానీ పొదుగు ఇంకా సగమే ఖాళీ అయింది. "అంతే, అయిపోయింది" అంది పిన్ని. "ఇంక మీ అమ్మ ఆమెన్ అంటది. ఆమెన్ అనంగనే బర్రె కాలెత్తుతది. పని ఐపోయిందని దానికి లెక్క. నువ్వు అనకు."

ఏమీ అనకుండా ఉంటే ధార సన్నబడుతోంది. కొత్త తప్పులు గుర్తు రావడం లేదు. జీవితంలో నాకు అంత పేదరికం ఎప్పుడూ రాలేదు. అప్పుడు ప్రశాంతి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. నా పైట కొంగు అందుకుని తన భుజం మీద వేసుకుంది. ఒక చెయ్యి పొదుగు కిందికి పోనిచ్చింది.

"ప్రభువా" అంది. "ఈయన తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు. చెప్పి చెప్పి నోరు పోతంది."

సుర్రుమంది.

"అన్నం తిన్న కంచం అక్కడే వదిలేస్తాడు. నేను మాట్లాడతంటే ఊఁ ఊఁ అంటాడు, దేనికి ఊఁ అన్నాడో అడిగితే చెప్పలేడు. తనకి భయమేసిన పనికి నన్ను ముందుకి తోసి, గుంజ వెనకాల నుంచుని వీడియో తీశాడు. అదీ పెళ్ళిచీర కట్టించి."

పట్టుచీరకి, మల్లెలకి, భయం లేని చూపుకి లొంగని చుక్క తడి తువ్వాలుకి లొంగిపోయింది. తల దించి కుడితి తాగుతూ హాయిగా చేపింది. ప్రశాంతి ఆగలేదు. ఆవిడకి పిన్ని అందించాల్సిన అవసరం రాలేదు. నాలుగు నెలల సరుకు అంత ఉంటుందని నేను ఊహించలేదు. పొదుగు మెత్తబడి, వేలాడి, పూర్తిగా ఖాళీ అయ్యేసరికి చెంబు నిండి నురగ అంచు దాటింది. పిన్ని గోడ మీద చప్పట్లు కొట్టింది.

నాకు పట్టరాని సంతోషం వేసింది. ఆ సంతోషంలో, చెంబు ఇంకా గేదె కిందే ఉండగా, మనస్ఫూర్తిగా, గట్టిగా, "ఆమెన్" అన్నాను.

వెనక కుడికాలు లేచింది. పాలన్నీ నా మీద, అమ్మ చీర మీద, ప్రశాంతి ఒళ్ళో. చుక్క తన పని తాను క్రమశిక్షణగా చేసింది, దాన్ని అనడానికేం లేదు.

ఆపరేషన్ అయిందని చిన్నమ్మ ప్రశాంతి నంబరుకి ఫోన్ చేసింది. నా ఫోన్ కుడితి తాగి ఉంది కదా. అమ్మ మత్తుగా మాట్లాడింది.

"చేపిందా?"

"చేపింది."

"ఎన్ని పాలు ఇచ్చింది?"

"తెలీదు. ఒలికిపోయినాయి. పొదుగు మాత్రం మెత్తగా ఉంది, డాక్టరు గారు కూడా చూశారు."

"ఏం ప్రార్థన చేసావురా?"

"నీదే."

"ఎస్తేరు చెప్పిందా?"

"ఊఁ."

"ఆ చెవుల్లో అవి తీసుంటే నీకే చెప్పేదాన్నిగా నాయనా" అంది అమ్మ.

మర్నాడు కొత్త ఫోన్ కొన్నాను, ఇయర్‌ఫోన్లు కొనలేదు. ఆ పద్దెనిమిది నిమిషాల వీడియో తీసేశాను. దాంతో చందాదారులు అరవై నాలుగయ్యారు, ఎందుకో తెలీదు.

కాబట్టి చదివేవాళ్ళందరి సాక్షిగా, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. అందం మృగాన్ని లొంగదీయడం గురించి ఇక ఈ జన్మలో నోరెత్తను. ఎవరైనా ఎత్తినా లేచి వెళ్ళిపోతాను. సినిమాలో మృగం అమ్మాయి ముందు మెత్తబడే సీను వస్తే, దానికి రెండు పూటలా కుడితి కలిపింది ఎవరు, దాని పక్కన కూర్చుని కష్టం చెప్పుకున్నది ఎవరు అని మాత్రం మనసులో అడుగుతాను. మా ఆవిడని దేని ముందుకీ తోయను. ఏ చీరా ఉతకను. ఉతకమన్నా ఉతకను.

అమ్మ చెయ్యి అతుక్కుంది గానీ పితికేంత పట్టు రాలేదు. అమ్మ ఇప్పుడు నాతోనే మాట్లాడుతోంది. కాస్త ఎక్కువే మాట్లాడుతోంది. రెండు పూటలా పితికేది ప్రశాంతి. ఇదిగో, నేను ఇది రాస్తుంటే పాకలోంచి వినపడుతూనే ఉంది. "ప్రభువా, ఈయన పొద్దున్నించీ కుర్చీలోంచి లేవలా. ఇంటి గుట్టంతా కాగితాల మీద పెడతన్నాడు. బెల్లం తెమ్మంటే ఊఁ అన్నాడు, తేలా." కాసేపటికి చెంబుతో లోపలికి వచ్చింది. ఇవాళ గ్లాసెడు ఎక్కువే ఇచ్చిందట.